గోడవతల తెల్లరాళ్లు

ఐర్లండ్ పడమటి కొసన, పాత సన్యాసుల మఠం గోడనానుకుని కార్ల పార్కింగ్ కోసం తవ్వుతున్నారు. యంత్రం ముందు నిలబడి మట్టిని కనిపెట్టుకుని ఉండడం డింప్నా గెరటీ పని. పాత పునాదో, ఎముకో కనబడితే తవ్వకం ఆపించాలి. ఆమెకు జీతమిచ్చేది మాత్రం ఆ తవ్వించేవాడే! దొంగ చేతి జీతం తీసుకుని ఆ దొంగ మీదే కాపలా కాయమన్నట్టుంది ఈ ఏర్పాటు. వానలో తడుస్తూ, మేస్త్రీల వెటకారాలు దిగమింగుతూ ఏళ్ల తరబడి అదే చేసింది.

ఆ రోజు ఫోర్‌మన్ లోర్కన్ ఎన్నడూ లేనిది ప్రేమ ఒలకబోశాడు.

"పొద్దుట్నుంచీ నానిపోతున్నావు, వెళ్లి వేడిగా టీ తాగి రామ్మా. నువ్వొచ్చేదాకా యంత్రం కదలదు. నాదీ పూచీ."

నమ్మి వెళ్లింది. తిరిగొచ్చేసరికి యంత్రం చేతికి మట్టి తోడే పళ్లు లేని బకెట్ తీసేసి పళ్ల బకెట్ తగిలించారు. పళ్లు లేనిదైతే మట్టిని పొరలు పొరలుగా గీకుతుంది. పళ్లది అడ్డొచ్చినదాన్నల్లా పెళ్లగిస్తుంది. నడుంలోతు కందకం దిగిపోయింది. మట్టికుప్ప నిండా పిడికిలంతేసి తెల్లరాళ్లు.

జ్ఞానస్నానం కాకుండా పోయిన పసికందులకు ఒకప్పుడు చర్చి శ్మశానంలో చోటుండేది కాదు. తండ్రులు చీకటిపడ్డాక గుట్టుగా తెచ్చి, మఠం గోడవతల పాతి, పైన తెల్లరాళ్లు పెట్టి పోయేవారు. డింప్నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆపండి! ఇవి సమాధులు!"

"మ్యాపులో లేవుగా తల్లీ," నవ్వాడు లోర్కన్. "రాళ్లక్కూడా ఏడుస్తావా?"

"మ్యాపులో ఎలా ఉంటాయయ్యా? ఆనాడు ఫాదర్లు గోడవతలికి నెట్టారు. ఇవాళ నువ్వు లారీకెత్తిస్తున్నావు. టీ తాగి రమ్మన్నావే, సిగ్గు లేదూ నీకు?"

కందకంలోకి దిగి నిలబడింది. "ముందు నన్నెత్తించు లారీలోకి!"

యంత్రం ఆగింది. అరవై దాటిన డ్రైవర్ ఫెస్టస్ కిందికి దిగి, టోపీ తీశాడు.

"నాకంటే ముందు మా అమ్మకో ఆడపిల్ల పుట్టి పోయింది డింప్నా. ఎక్కడ పెట్టాడో నాన్న చచ్చేదాకా చెప్పలేదు. అమ్మ మాత్రం సంతకు పోతూ ఈ గోడ దగ్గర ఆగి శిలువ గుర్తేసుకునేది. ఎందుకో నేనెప్పుడూ అడగలా." బకెట్ వైపు చూడకుండా అడిగాడు. "నేను తీసినదాంట్లో... ఉందంటావా?"

అతణ్నీ కడిగేద్దామనుకున్న డింప్నా కందకంలోంచి పైకెక్కి అతని పక్కకొచ్చింది. ఆ పళ్లు కలిపేసిన మట్టిలో ఎవరి బిడ్డ ఎక్కడుందో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ మాట అతనికి చెప్పాల్సింది ఆమే.