పగలడానికి పుట్టిన ట్యాంకు

కుండలు చేసేవాడు తన కుండ పగలకూడదని కోరుకుంటాడు. ఇల్లు కట్టేవాడు తన గోడ బీటలు తీయకూడదని కోరుకుంటాడు. లోకంలో పనివాళ్లంతా దాదాపు ఈ కోవలోని వాళ్లే. అలా కాని మనిషిని చూడాలంటే మస్కట్ పక్కన అల్ హైల్‌కు వెళ్లాలి. అక్కడ టైర్ల దుకాణానికీ ఏసీలు బాగుచేసే దుకాణానికీ నడుమ ఒక రేకుల షెడ్డుంది. అందులో కడప మొయినుద్దీన్ చెక్కతో యుద్ధ ట్యాంకులు చేస్తాడు. పిల్లలు ఆడుకునేవి కావు. సైనికులు దూరం నుంచి గురిచూసి కాల్చేవి, నిలువెత్తువి. తన సరుకు తునాతునకలైందని కబురొస్తే ఆ పూట అతనికి ముద్ద ఇంకాస్త హాయిగా దిగుతుంది.

ఈ బుద్ధి తండ్రి నుంచి వచ్చింది. ఆయన కడపలో మొహర్రంకు తాజియాలు కట్టేవాడు. వెదురు చీల్చి, రంగు కాగితాలంటించి, ఓపిగ్గా కూర్చుని కట్టిన గుమ్మటాలను పదోనాడు ఊరేగించి బుగ్గవంక నీళ్లలో కలిపేసేవారు. ఒక ఏడు ఎవరో షావుకారు ఆ పనితనానికి ముచ్చటపడి, ఇంట్లో పెట్టుకుంటాను ఇమ్మన్నాడట. "నీళ్లలో కలవాల్సింది నీ నట్టింట్లో నిలబడితే అది తాజియా కాదు సామీ, వట్టి కాగితం" అన్నాడట ముసలాయన. వినాయకుడి బొమ్మలు చేసేవాణ్ణడిగినా ఇదే చెబుతాడు. చేతులు వేరు గానీ మాట ఒకటే.

మొయినుద్దీన్ ఒమాన్‌కు వచ్చింది తలుపులూ అల్మారాలూ చేయడానికి. ఎప్పుడో ఒక కంపెనీవాళ్లు, సైన్యం కాల్పులు నేర్చుకునే మైదానానికి చెక్క బొమ్మలు కావాలంటే చేసిచ్చాడు. ఇనప మేకులతో బిగించి ఇచ్చాడు. గుండ్లు తగిలి బొమ్మలు చెదిరాక ఆ మేకులన్నీ నేలంతా పరుచుకుని సైన్యం బండ్ల టైర్లలో దిగాయి. ఖల్ఫాన్ అనే ఒమానీ సైనికుడు, అప్పటికింకా నూనూగు మీసాలవాడు, షెడ్డు దాకా వచ్చి "శత్రువు కన్నా నువ్వే ఎక్కువ బండ్లు ఆపావు" అని దులిపేసి పోయాడు. ఆ తిట్టులోంచే స్నేహం పుట్టింది. అప్పటినుంచి మొయినుద్దీన్ ట్యాంకుకు మేకు ముట్టించలేదు. ప్రతి అతుక్కూ చెక్క చీలే. విరిగిన ముక్కలు కూడా మేకుల్లేని కట్టెలు కాబట్టి శిబిరంలో వంటవాళ్లు వాటిని పొయ్యికి ఎత్తుకుపోయేవారు.

ఇంతలో రోజులు మారాయి. చుట్టుపక్కల సముద్రాల్లో నిప్పు రేగాక ఈ ప్రాంతంలో ప్రతి దేశమూ ఆయుధాలు కొనడానికి ఎగబడింది. పక్కింట్లో దొంగలు పడితే మనింటికి కొత్త గడియ కొనుక్కున్నట్టు, గొంతెత్తి మాట్లాడని ఒమాన్ కూడా కొన్నది. ఓడల మీద ఆయుధాలు దిగడం ఈ గడ్డకు కొత్తేమీ కాదు. పాత కోటలెక్కి చూడండి, ఫిరంగుల వీపుల మీద ఎవరెవరో పరాయి రాజుల కిరీటాలు చెక్కి ఉంటాయి. అయితే ఆ ఫిరంగి బండి విరిగితే ఇక్కడి వడ్రంగే చక్రం బిగించేవాడు. ఇప్పటివాటికి ఒక బోల్టు వదులైతే, దాన్ని బిగించేవాడు విమానం దిగాలి.

ఆయుధాలు పెరిగితే తన పనీ పెరుగుతుందని మొయినుద్దీన్ సంబరపడ్డాడు. జరిగింది తలకిందులు. కొత్త క్షిపణి ఒక్కటి పేల్చితే ఒక మేడ కట్టినంత ఖర్చు. అందుకని పేల్చరు. కుర్రాళ్లు చల్లటి గదిలో తెర ముందు కూర్చుని ఉత్తుత్తి ట్యాంకులను ఉత్తుత్తి క్షిపణులతో కొడతారు. ఆ తెర కూడా ఓడలో వచ్చిందే. ఎన్నిసార్లు కొట్టినా అది పగలదు, ఏ వడ్రంగికీ కబురు రాదు.

అలాంటి రోజుల్లో అజైబాలో ఆఫీసున్న ఒక సప్లై కంపెనీ నుంచి ఆర్డరొచ్చింది. కొత్త క్షిపణిని పెద్దల ఎదుట నిజంగానే పేల్చి చూపిస్తారట, దానికో ట్యాంకు కావాలట. మొయినుద్దీన్ ప్రాణం పెట్టి చేశాడు. ఇసుక రంగు పూసి, పైన గొట్టం ఎత్తి నిలబెడితే టైర్ల దుకాణం వాళ్లు బయటికొచ్చి చూశారు. రంగు ఆరిందో లేదో, ఆ కంపెనీలో కొనుగోళ్లు చూసే కాకినాడ కుర్రవాడు వికాస్ దిగాడు.

"భాయ్, కోప్పడకూడదండి. ఆర్డరు క్యాన్సిల్."

"ఏం, రంగు బాగలేదా?"

"అది కాదండి. టార్గెట్ కూడా క్షిపణి అమ్మినవాళ్ల ప్యాకేజీలోనే వచ్చేస్తుందంట. గాలి కొట్టే ట్యాంకు. లోపల హీటరుంటదంట. ఆ క్షిపణి వేడిని చూసుకుని వస్తదండి, మన చెక్కేమో చల్లగా ఉంటది కదా."

"అట్లయితే లోపల బొగ్గుల కుంపటి పెడతా."

"పెట్టినా లాభం లేదండి. వాళ్ల టార్గెట్ మీద కాకుండా వేరేదాని మీద కొడితే గ్యారంటీ లేదన్నారు. మీ కూలి ఎక్కడికీ పోదు, మొత్తం ఇప్పించేస్తాను."

"కూలి సంగతి ఎవరడిగినారబ్బీ? కాల్చేదీ వాళ్లదే, కాలేదీ వాళ్లదే. ఇంక ఈడోళ్లు చేసేదేంది, చప్పట్లు కొట్టేదా?"

"చప్పట్లు కొట్టేవాళ్లకి కుర్చీలు కావాలన్నారండి. చేస్తారా?"

మొయినుద్దీన్‌కు నవ్వాగలేదు. కుర్చీలు మాత్రం చేయనన్నాడు.

ట్యాంకు షెడ్డు వెనక, వాళ్ల ఇంటి వాకిట్లో ఉండిపోయింది. భార్య రషీదున్నీసాకు తలుపు తీస్తే అదే, కిటికీ తీస్తే అదే.

"అజీ, బట్టలారేసుకునే జాగా లేకుండా చేసినావు. ఆ గొట్టం మీద ఆరేయనా?"

"ఆరెయ్."

"మైదానానికి పోయే బహ్లా దోవలో చాయ్ హోటలాయన మళ్లా ఫోన్ చేసినాడు. హోటల్ ముందర పెడితే జనం ఫోటోలు దిగుతారంట. ఇచ్చెయ్ రాదా?"

"ఇయ్యను."

"పోనీ ఏం చేస్తావు దాన్ని? బిర్యానీ పెడతావా?"

"గుండు పెట్టిస్తా."

"మీ నాయన బుద్ధి యాడికి పోతాదిలే!" అని ఆమె తడి చీరను నిజంగానే గొట్టం మీద ఆరేసింది.

అతనికి మాత్రం ఇది వేళాకోళం కాదు. ఈ ట్యాంకు హోటల్ ముందు బొమ్మగా నిలబడితే, ఇన్నేళ్లూ తను చేసిన పని కూడా బొమ్మలాటే అయిపోతుంది. చేసింది దేనికో దానికే పోవాలి. అంతవరకూ మరో చెక్క మీద రంపం పెట్టేది లేదని ఒట్టు పెట్టుకుని ఖల్ఫాన్‌కు ఫోన్ చేశాడు.

ఖల్ఫాన్ ఇప్పుడు మన సుబేదారు లాంటి హోదాలో ఉన్నాడు, రిటైరవబోతున్నాడు. శుక్రవారం నమాజు కాగానే తెల్లటి దిష్‌దాషా అంగీలో వచ్చి, ట్యాంకు మీద చీరను చూసి సెల్యూట్ కొట్టాడు.

"ఏం నజ్జార్, ఏ దేశం జెండా ఇది?" మొయినుద్దీన్‌ను అతను పేరుపెట్టి పిలవడు. అరబ్బీలో వడ్రంగినే నజ్జార్ అంటారు.

"ఎగతాళి మానుకో. ఆఖరికి కాల్పించుకునేదాన్ని కూడా బయటినుంచి తెప్పిస్తారా మీరు?"

"ఈ కర్ర ఏ దేశానిది?"

"బయటిదే."

"రంగు?"

"బయటిదే."

"మరి నువ్వు?"

మొయినుద్దీన్ తడుముకోలేదు. "నేనూ ఓడ సరుకునే. కాకుంటే నా చీల వదులైతే బిగించేదానికి విమానంలో ఎవరూ రావాల్సిన పన్లే. ఈడనే అరిగిపోయినా."

ఖల్ఫాన్ నవ్వు ఆపి, ట్యాంకు చుట్టూ తిరిగి, ఒక చీలను బొటనవేలితో నొక్కి చూశాడు. "నా జీపు మీది పాత తుపాకి గోదాముకు పోతోంది. దాని గుండ్లు రెండే మిగిలాయి, వాటికీ గడువు దాటబోతోంది. ఏ కొండరాయికో కొట్టి ఖర్చు చేయమన్నారు."

"రాయి ఏం పాపం చేసింది?"

"అదే అంటున్నాను. పైవాళ్లనడిగి చూస్తాను. లారీ మాత్రం ఇవ్వరు." గొంతు తగ్గించాడు. "నేనూ నిజం గుండు కాల్చి చాలా కాలమైంది నజ్జార్. చెయ్యి తప్పితే?"

"తప్పితే నా ట్యాంకు గట్టిదని పేరొస్తాది. ఆ పేరు నాకొద్దు. తప్పకుండా కొట్టు."

అనుమతి వచ్చింది. మొయినుద్దీన్ చీలలు ఊడగొట్టి, ట్యాంకును విడదీసి తన పికప్పులోకెత్తాడు. బహ్లా దోవలో టీకి ఆగితే ఆ హోటలాయన బండిలోకి తొంగిచూసి నెత్తి కొట్టుకున్నాడు. "తిరిగొచ్చేటప్పుడు మిగిలింది ఇచ్చిపో" అని బతిమాలాడు.

"మిగలకూడదని దువా చెయ్యి" అని బండెక్కాడు మొయినుద్దీన్.

బహ్లా దాటాక మైదానం. అక్కడ మళ్లీ చీలలు దిగ్గొట్టి, ట్యాంకును నిలబెట్టి, ఎర్రజెండా ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. తెర మీద వందల ట్యాంకులు కూల్చిన కుర్ర సైనికులు వేడుక చూడటానికి చేరారు. ఖల్ఫాన్ జీపెక్కాడు. మొదటి గుండు ట్యాంకు నెత్తి మీదుగా దూసుకుపోయి కొండ మొదట్లో దుమ్ము లేపింది.

"మళ్లీ మొదట్నుంచి ఆడండి సార్, బటన్ నొక్కితే చాలు!" అని ఒకడు కేక వేశాడు. మిగతావాళ్లు నవ్వారు.

ఖల్ఫాన్ కిందికి దిగి ముఖం తుడుచుకున్నాడు. ఇక్కడ బటనూ లేదు, మూడో గుండూ లేదు. మొయినుద్దీన్ వైపు చూశాడు. మొయినుద్దీన్ నోటికి చేతులడ్డం పెట్టి అరిచాడు: "అది యాడికీ పోదులే! నిదానంగా కొట్టు!"

ఖల్ఫాన్ మళ్లీ ఎక్కాడు. ఈసారి చాలాసేపు గురి చూశాడు. ముందు మెరుపు, ఆ వెనక శబ్దం. ట్యాంకు నెత్తి గాల్లోకి లేచింది, గొట్టం గింగిరాలు తిరిగింది, తక్కినదంతా నాలుగు దిక్కులకూ పోయింది. కుర్రాళ్ల నవ్వు ఆగిపోయింది. ఆ దెబ్బ వాళ్లకు చెవుల్లో కాదు, పక్కటెముకల్లో వినిపించింది. తేరుకుని కేకలు పెట్టేసరికి మొయినుద్దీన్ కళ్లు తుడుచుకుంటున్నాడు. దుమ్ము పడిందన్నాడు.

జెండా దించాక అందరూ కలిసి ముక్కలేరారు. శిబిరం వంటవాడు పొయ్యి రాజేశాడు. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని అన్నం తింటుంటే, ఇందాక కేక వేసిన కుర్రవాడే మెల్లగా అన్నాడు: "సార్, మాకూ ఒక నిజమైనది కాల్చాలనుంది."

"గుండ్లు అయిపోయాయి నాయనా" అన్నాడు ఖల్ఫాన్. "ఇక కావాలంటే బయటివాళ్లనడగాలి. వాళ్లెప్పుడిస్తారో, ఎన్నిస్తారో."

"అడగండి" అన్నాడు మొయినుద్దీన్. "మొహమాటం లేకుండా అడగండి. ఓడ ఎప్పుడొస్తే అప్పుడు రానీ. అప్పటికి ట్యాంకు నిలబడి ఉంటాది."

"ఆర్డరు లేకుండానే చేస్తావా నజ్జార్?"

"మా నాయనకు ఏ కంపెనీ ఇచ్చినాది ఆర్డరు?"

ఇంటికి చేరేసరికి రషీదున్నీసా ఖాళీ అయిన వాకిట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు కొత్త తాడు కట్టి బట్టలారేస్తోంది.

"పగిలిందా?"

"పగిలింది."

"హమ్మయ్య" అని ఆమె క్లిప్పు పెట్టింది.

మొయినుద్దీన్ ఆ తాడు కిందికి వెళ్లి నిలబడ్డాడు. చెయ్యి పైకెత్తి ఎత్తు చూసుకున్నాడు. తర్వాత స్టూలు తెచ్చుకుని, ముడి విప్పి, ట్యాంకు గొట్టం తగలనంత పైకి మళ్లీ కట్టాడు.