పుట్టి ఎక్కిన అవ్వ

వానకు తడిసిన తోలు వాసన తగిలితే నా కాళ్ళు ఇప్పటికీ ఆగిపోతాయి. మొన్న గిద్దలూరు బజారులో చెప్పులు కుట్టే దుకాణం ముందు అలాగే నిలబడిపోయాను.

తెల్లదొరల కాలం. మాది కంభం చెరువుకు రెండు కోసుల దూరంలో మెట్ట పల్లె. జొన్నలు, కొర్రలు, ఉలవల మధ్య పెరిగిన మాకు నీళ్ళంటే బావి అడుగున మెరిసేవే. మా నాయన చెల్లెలు పార్వతత్తను చెరువు అవతలి ఊరికి ఇచ్చారు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కదా, తొమ్మిదో నెల పడగానే తీసుకొద్దామని మా అవ్వ బాలింతకు పెట్టే కాయం దంచి, పాతచీరలు ఉతికి మడతపెట్టి, నువ్వుండలు చేసి, వాటిని నాకు అందకుండా అటక మీద దాచి, రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది.

ఆ కార్తీకంలో ఒక ఉదయం, చెరువులో చేపలు పట్టే ఓబయ్య వచ్చాడు. కీడు మాట గడప బయట చెప్పకూడదని, "అవ్వా, నీకోసం పుట్టి తెచ్చినా. గట్టు కాడ ఉంది" అని మాత్రం అన్నాడు.

మా మెట్టవాళ్ళకు పుట్టి అంటే ఇరవై తూముల గింజలు.

"పుట్టి గింజలు పంపినాడా మా అల్లుడు! బండి కట్టించాల్నే!" అంటూ అవ్వ సంబరంగా గోనెసంచులు దులపసాగింది.

ఓబయ్య తల గోక్కున్నాడు. "గింజలు గాదవ్వా, ఎక్కే పుట్టి. తెల్లారుజామున పార్వతమ్మకు నొప్పులొచ్చినాయి. బండి చెరువు చుట్టూ తిరిగిపోయే తలికి పొద్దుగూకుతాది."

అత్తకు ఇంకా ఎనిమిదో నెలే. అవ్వ సంచులు అక్కడే వదిలేసి, కాయం కొంగున కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది.

గట్టు కింద ఉన్నది తడితోలు వాసన కొడుతున్న, తోలు కప్పిన పెద్ద వెదురుబుట్ట. దానికి ముందూ వెనకా లేదు. "ఇదేంది ఓబయ్యా, కోళ్ళగంప మాదిరి!" అంది అవ్వ. మోకాటిలోతు వాగు దాటాలన్నా దేవుళ్ళందరికీ మొక్కుకునే మనిషి, ఎక్కి అడుగున కూలబడింది. తెడ్డు వేసినప్పుడల్లా పుట్టి తిరుగుతూ సాగింది. తామరాకులు, నీటికోళ్ళు, నల్లమల కొండలు మా చుట్టూ తిరుగుతుంటే నాకు తిరునాళ్ళలో ఉన్నట్టే ఉంది. అవ్వ గోళ్ళు నా మణికట్టులో దిగబడ్డాయి. అరవబోయి, ఆమె ముఖం చూసి ఇంకాస్త దగ్గరికి జరిగాను.

మేము చేరేసరికి బిడ్డ ఇంకా పుట్టలేదు.

"నీళ్ళకు జడిసి రావనుకుంటినమ్మా" అని అత్త ఏడ్చింది.

"ఏడుపు ఆపి ఊపిరి పట్టు" అంది అవ్వ.

దీపాలు పెట్టేవేళకు పిల్లిపిల్లంత మగబిడ్డ కేరుమన్నాడు. తల్లీ బిడ్డా బతికారు.

పురుడు వెళ్ళాక ఓబయ్య మళ్ళీ పుట్టి సిద్ధం చేశాడు. అవ్వ దాని వైపైనా చూడలేదు. పొద్దున బయలుదేరి చీకటి పడేదాకా నన్ను చెరువు చుట్టూ నడిపించి ఇల్లు చేర్చింది.

ఇప్పుడు ఆ దారిలో బస్సులు తిరుగుతున్నాయి. ఎండాకాలం వస్తే చెరువులో బర్రెలు మేస్తాయి. పుట్టి నడిపేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కాళ్ళు బొబ్బలెక్కిన ఆ రోజు అవ్వ మీద నాకు ఎంత కోపం వచ్చిందో! అత్త కోసం పోయేటప్పుడు ఆమె ఎంత భయాన్ని మింగుకుని ఆ బుట్టలో కూర్చుందో, నేనూ ఒక బిడ్డను కన్నాక గాని తెలిసిరాలేదు.