మాస్టారిని నేనడిగిన మాట

ఆదివారం పొద్దున మాంసం కొట్టు ముందు నుంచి నడుస్తుంటే పచ్చి కార్జం వాసన ముక్కుకు తగిలింది. హైదరాబాదులో నేను పనిచేసే పరిశోధనశాలలో రోజూ కాలేయపు ముక్కలతోనే గడుపుతాను కానీ, వాటికి మందుల వాసన తప్ప మరో వాసన ఉండదు. పచ్చివాసన తగిలితే మాత్రం నాకు దేవదానం మాస్టారు గుర్తొస్తారు.

చిలకలూరిపేట దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన సైన్సు చెప్పేవారు. ఒకరోజు మేక కార్జాన్ని విస్తరాకులో పెట్టి తరగతికి తెచ్చారు. "కొంత కోసేసినా మళ్ళీ పెరుగుతుందర్రా ఇది" అంటూ అందరిచేతా ముట్టించారు. తొమ్మిదో తరగతిలో నేను బడి మానేసి మిరపకోతలకు పోతుంటే చేలోకే వచ్చి మా అమ్మతో అన్నారు: "కాయలు కోసేవాళ్ళు ఇంకా దొరుకుతారమ్మా. దీన్ని మాత్రం బడికి పంపించు." నేనీ చదువు చదివానంటే ఆ మాట వల్లే.

రిటైరైన కొన్నేళ్ళకు ఆయన పొట్టలోకి నీరు చేరింది, కళ్ళు పచ్చబడ్డాయి. కాలేయం పాడైందని చెప్పి గుంటూరులో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నారు?" జన్మలో ముట్టలేదని చెబితే డాక్టరు నవ్వాడట. ఊళ్ళోనూ అదే మాట పాకింది. ఆయన చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచే సంఘపెద్ద. చర్చివాళ్ళు ఆ పని మాన్పించి, కొన్నాళ్ళు వెనక వరసలో కూర్చోమన్నారు.

అప్పుడే నాకు ఫోన్ చేశారు. "నువ్వు చదివేది ఇదేగా తల్లీ, నాకెందుకొచ్చిందో చెప్పు."

తాగనివాళ్ళకూ వస్తుందని, షుగరున్నవాళ్ళలో, పుట్టుకతోనే ఆ గుణం ఉన్నవాళ్ళలో కాలేయంలో కొవ్వు పేరుకుంటుందని చెప్పాను. ఆ కొవ్వుతో దెబ్బతిన్న కణాలు కేకలు పెడతాయి. అప్పటిదాకా విటమిన్ ఎ దాచుకుని నిమ్మళంగా ఉన్న మరో రకం కణాలు లేచి, గాయం మాన్పాలని మచ్చ కడతాయి. ఆపడం వాటికి తెలియదు. కాలేయమంతా మచ్చ అయిపోతుంది.

"అంటే మాన్పబోయేవే చంపుతున్నాయన్నమాట" అన్నారాయన, క్లాసులో జవాబు దొరికినంత సంతోషంగా. "మరి దాన్నెట్టా ఆపుతారు?"

"మొదట్లో అయితే కొంత ఆపగలం మాస్టారూ. ఇంత ముదిరాక..."

"పోనీ ఓసారొచ్చి, ఇదంతా చర్చిలో చెప్పవా?" అన్నారు.

వెళ్ళాను. ఆయన మంచం మీద ఉన్నారు. చేతులు పుల్లల్లా, పొట్ట మాత్రం బిగిసిన తిత్తిలా ఉంది. భార్య రాహేలమ్మ గారు మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళగానే, ఎందుకడిగానో, నోరు జారింది: "మాస్టారూ, నాతో చెప్పండి. ఎప్పుడైనా, కొంచెమైనా...?"

ఆయన నావైపు చూశారు. దుప్పటి మెల్లగా పొట్ట మీదికి లాక్కున్నారు. "అడగాలిలే అమ్మా. మీరంతా అడగాలిగా." తర్వాత అన్నారు: "చర్చిలో ఏం చెప్పొద్దులే. ఎండన పడి వచ్చావు, మజ్జిగ తాగి వెళ్ళు."

రెండు వారాలకు పోయారు. సమాధి దగ్గర పాస్టరు గారు పాపక్షమాపణ గురించి ప్రసంగిస్తుంటే కొందరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రాహేలమ్మ గారు తల ఎత్తలేదు. తర్వాత సంఘపెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు.

"నువ్వు దీన్నే చదివావు కదమ్మా, నిజం చెప్పు. తాగేవాడేగా?"

"కాదండీ. ఒట్టు, ఆయన ముట్టలేదు."

"గురువు కదా, అంతే అంటావులే."

మచ్చ ఎలా కడుతుందో ఇప్పుడు అప్పటికన్నా బాగా తెలుసు. ఎవరడిగినా బొమ్మ గీసి చెబుతాను. కానీ కాలేయపు ముక్కలతో పాటు ఆసుపత్రుల నుంచి వచ్చే కాగితాల్లో 'మద్యం అలవాటు లేదు' అన్న చోట ఈరోజుకీ నా కన్ను ఆగుతుంది. నిజమేనా అనిపిస్తుంది. ఆయన పోయాక కూడా నాలో ఆ అనుమానం చావలేదు.