ఏడో నంబరు మామ్మగారు

ఆ రోజుల్లో నాకు రెండిటి మీద అపారమైన నమ్మకం: ఒకటి సైన్సు, రెండోది నా తెలివి. తొంభైల చివర్లో ఎమ్మే ఆంత్రోపాలజీ చదువుతూ, పెనుగంచిప్రోలులో దిష్టి మీద పరిశోధన మొదలుపెట్టాను. (నందిగామలో మా అమ్మ, "దిష్టి తీయడం నేర్చుకోడానికి యూనివర్సిటీ దాకా వెళ్ళాలా?" అంది.) మా గైడుగారు పెట్టిన నియమాలు రెండే. సమాచారం చెప్పినవాళ్ళ పేరు బయటపడకూడదు; రాసింది వాళ్ళకు చదివి వినిపించి, సరేనన్నాకే సబ్మిట్ చేయాలి.

ఊళ్ళో నాకు దొరికిన నిధి ఒక మామ్మగారు. ఉప్పూ మిరపకాయలూ ఎలా తిప్పాలో, ఏ వారం తిప్పాలో అన్నీ ఆవిడే చెప్పారు. ఎవరి కన్ను మంచిది కాదని అడిగితే, గోడ అవతలి తోటికోడలి ఇంటివైపు గడ్డం చూపించి, "అది చూసిందంటే మా గేదె మూడ్రోజులు పాలు చేపదు" అన్నారు. భద్రంగా రాసుకుని, ఆవిడ పేరు తీసేసి ఏడో నంబరు వేశాను.

రెండు నెలల తర్వాత రాతప్రతి పట్టుకుని వెళ్ళి, ఆవిడ అరుగు మీద కూర్చుని "ఏడో నంబరు చెప్పినదాని ప్రకారం..." అని మొదలుపెట్టానో లేదో, చిక్కుడుకాయలు తుంచుతున్న చెయ్యి ఆగింది.

"ఏడో నంబరెవరు?"

"మీరేనండీ. పేరు రాయకూడదు కదా."

"నేనేమన్నా ఇన్సూరెన్సు గేదెనా అమ్మాయ్, చెవికి నంబరు బిళ్ళ కొట్టడానికి? చెప్పింది నేను. నా పేరన్నా రాయి, లేదంటే నే చెప్పిందంతా కొట్టెయ్."

ఆవిడ మాటలు కొట్టేస్తే నా థీసిస్‌లో మిగిలేవి రెండు అట్టలు. సోమవారమే ఆఖరి రోజు. పేరు రాస్తే తోటికోడళ్ళ మధ్య నేనే నిప్పు పెట్టినదాన్నవుతాను. "ఇంట్లో గొడవలొస్తాయండీ, మీ మంచికే" అని బోధించబోయాను. ఆవిడ వినలేదు. "మిగతా నంబర్లేం కూశాయో చదువు" అన్నారు. నంబర్లే కదా, ఎవరికి తెలుస్తుందిలే అని (గైడుగారు క్షమించాలి) చదివాను: "నాలుగో నంబరు ఎడమచేత్తో దిష్టి తీస్తుంది. పక్కింటావిడ కన్ను పడితే పాలు తోడుకోవంటుంది."

మామ్మగారు లేచి గోడ దగ్గరికి నడిచారు. "ఏమే నాలుగో నంబరూ! నా కన్ను పడితే నీ పాలు తోడుకోవా?"

అవతలినుంచి తడుముకోకుండా జవాబొచ్చింది. "తోడుకోవక్కా! ఇరవయ్యేళ్ళుగా నీ మొహం మీదే చెప్తున్నాగా. నీ గేదె సంగతి రాయించావా మరి?"

"రాయించా. ఏడో నంబరు నేనే!"

నేను బీరువాలో దాచి తాళం వేసిన రహస్యం వాళ్ళకు రోజూ వినే పాతపాటే. కాసేపటికి ఇద్దరూ అరుగెక్కి నా తప్పులు దిద్దారు. చివరికి ఒప్పందం కుదిరింది: యూనివర్సిటీకి నంబర్లు, వాళ్ళకిచ్చే కాపీలో నా చేత్తో పెన్నుతో పేర్లు.

ఇప్పుడు పిల్లలకు పాఠం చెప్తూ, పేరు దాచేముందు దాచమంటారా అని ఒక్కమాట అడగండర్రా అంటుంటాను. అది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ రోజు నేను ఆటో ఎక్కబోతుంటే మామ్మగారు గుప్పెడు మిరపకాయలతో వచ్చి, "మా ఇద్దరి కళ్ళూ పడ్డాయి నీ మీద" అంటూ నాకు దిష్టి తీశారు. ఎన్నిసార్లు తిప్పారో లెక్కపెట్టడం మర్చిపోయాను. కళ్ళు చెమర్చాయి మరి, మిరపకాయలు ఇంకా పొయ్యిలో పడకముందే.