మా మురళీకి పార్కు తాళం ఇచ్చిన ఖాదర్ సాబ్

నిన్న సాయంత్రం పార్కు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను మా మురళీకి గడ్డం గీస్తున్నాను.

ఒక చెంప అయింది. రెండో చెంప మీద ఇంకా నురగ ఉంది.

ఖాదర్ సాబ్ ఇక లేరంట.

పొద్దున పార్కులో మొక్కలకు నీళ్లు పట్టించి, నాకు చెయ్యి ఊపి వెళ్లిన మనిషి. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారు, మళ్లీ లేవలేదంట. రేజరు పట్టుకుని అట్లే నిలబడిపోయాను.

మురళీ అద్దంలో నా ముఖం చూసి, "ఏమైంది నాయనా?" అన్నాడు.

చెప్పాను.

వాడు చొక్కా జేబు తడుముకుని, "బీగంచెవి నాకాడ ఉండాది" అన్నాడు. గడ్డం మళ్లీ ముట్టనివ్వలేదు.

ఆ తాళంచెవి సంగతి బయట ఊళ్లలో ఉండే మా చుట్టాలకు తెలియదు. అందుకే రాస్తున్నాను. నేను పెద్దగా చదువుకోలేదు, పలమనేరు నుంచి చిత్తూరుకు పాల వ్యాను నడిపి రిటైరైనవాణ్ణి. తప్పులుంటే సర్దుకోండి.

ఖాదర్ సాబ్ మా చిత్తూరులో మున్సిపల్ పార్కుల సూపర్‌వైజర్. అన్ని పార్కులకు సరిపడా వాచ్‌మన్లు లేరు, మా గేటుకు ఎప్పుడు చూసినా తాళమే. ఆఫీసులో ఎట్లా ఒప్పించారో గానీ, తాళంచెవి పార్కుకు వచ్చేవాళ్లకే ఇచ్చేశారు. వారానికొకరి ఇంట్లో ఉంటుంది. ఎవరి వారమైతే వాళ్లు తెల్లవారక ముందే గేటు తీసి, ఆకులు ఊడ్చి పెట్టాలి. పొద్దున వాకింగ్, తర్వాత చంటిబిడ్డల తల్లులు, సాయంత్రం షటిల్, ఆదివారం ఆడవాళ్ల కోలాటం. అందరికీ టైము, అందరికీ చోటు.

మా మురళీకి తప్ప.

వాడికి ముప్పై దాటాయి, మనసు మాత్రం చిన్నపిల్లాడిది. ఉయ్యాల అంటే ప్రాణం. పన్నెండేళ్లు దాటినవాళ్లు ఉయ్యాల ఎక్కరాదని బోర్డు. వీడు ఎక్కేవాడు, ఎప్పుడో రౌండ్స్‌కు వచ్చే వాచ్‌మన్ విజిల్ వేసేవాడు. వాకర్స్ సంఘం నడిపే హెడ్‌మాస్టారు ఏకంగా ఆఫీసుకే పోయి, "వాణ్ణి లోపలికి రానీకండి, పిల్లకాయలు బయపడతా ఉండారు" అని కంప్లైంట్ చేశారు.

నేను వాణ్ణి తీసుకుపోవడం మానేశాను. వాడు వరండాలో కూర్చుని రోడ్డు చూసేవాడు.

ఖాదర్ సాబ్ మా ఇంటికే వచ్చారు. మా ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూ, "ఉయ్యాల సిన్నదైతే తప్పు ఉయ్యాలది గదప్పా, బిడ్డదెట్లా అయితాది?" అన్నారు.

ముప్పై ఏళ్లలో ఆ మాట అన్న మనిషి ఆయనొక్కడే.

మున్సిపాలిటీ యార్డులో పడి ఉన్న పాత ఇనుప కరెంటు స్తంభాలకు పర్మిషన్ తెచ్చి, ఇంజనీరుతో బరువు చూపించి, దగ్గరుండి వెల్డింగ్ చేయించారు. పెద్దవాళ్ల ఉయ్యాల! ఆకుపచ్చ పెయింటు!

మొదలుపెట్టే రోజు శుక్రవారం. పెయింటు ఇంకా ఆరలేదు. మా వాడు ఆగుతాడా? పరుగెత్తి కూర్చున్నాడు. లేచేసరికి ప్యాంటు వెనకంతా పచ్చ చారలు.

"అబ్బా, సూడండప్పా, సిలక దిగినాది!" అన్నారు హెడ్‌మాస్టారు. అందరూ ఒకటే నవ్వు. మురళీ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

అప్పుడే ఖాదర్ సాబ్ లోపలికి వచ్చారు. నమాజుకు పోవాల్సిన మనిషి, తెల్లటి ఇస్త్రీ పైజామాలో. అటు చూశారు, ఇటు చూశారు. నేరుగా పోయి ఆ తడి పెయింటు మీదే కూర్చుని, హాయిగా ఊగి, లేచి మురళీ వైపు వీపు తిప్పి నిలబడ్డారు.

"ఎట్లుండాది బేటా, నా కలరు?"

మా వాడు చేతులు తీసి చూశాడు. నవ్వాడు. అబ్బబ్బా, ఏం నవ్వు అది! నేను మొక్కల చాటుకు పోయి కళ్లు తుడుచుకున్నాను.

ఒక అవ్వ, "ఆరినంక నేనూ ఎక్కుతా సాబూ, నా పెండ్లికి ముందు ఊగిందే" అంది. పార్కంతా మళ్లీ నవ్వింది. ఈసారి నవ్వు వేరు.

ఆ మరకల పైజామా ఆయన పారేయలేదు. మొక్కలకు మందు కొట్టే రోజు అదే వేసుకొచ్చేవారు.

ఊగాలంటే ముందు ఇంకొకరిని ఊపాలి అని రూలు పెట్టారు. మా వాడు ఊపితే ఆ తూగే వేరని అవ్వలంతా వాడి కోసమే చూసేవాళ్లు. తర్వాత ఒకరోజు తాళంచెవి వంతులో వాడి పేరు కలిపారు.

"వీనికి బీగమిస్తే మనం గేటు దూకాల్సిందే!" అన్నారు హెడ్‌మాస్టారు.

"వీడు మరిసిపోడు సార్. పోయిన వారం పండుకొని మరిసిపోయింది మీరే గదా" అన్నారు సాబ్.

ఈ వారం వంతు మా మురళీది.

నిన్న గ్రూపులో ఎవరో "రేపు పార్కు తీస్తారా?" అని అడిగారు. ఎవరూ జవాబు ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే భయమేసింది. సాబ్ లేరు. ఇక నా కొడుకు తరఫున మాట్లాడేది ఎవరు?

ఈరోజు నేను లేచేసరికి వాడు స్నానం చేసి చెప్పులు వేసుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప గడ్డంతో. వెనకే పోయాను. గేటు తీశాడు. ఉయ్యాల కింద ఆకులు ఊడ్చాడు. పక్కన నిలబడ్డాడు.

జనం వచ్చారు గానీ ఎవరూ నడవలేదు, గేటు దగ్గరే ఆగిపోయారు. హెడ్‌మాస్టారు ఒక్కరే లోపలికి నడిచారు. నేను మురళీ పక్కకు జరిగాను. ఏనాడూ ఆ ఉయ్యాల ముట్టని మనిషి, పోయి దాని మీద కూర్చున్నారు.

"మురళీ, ఊపప్పా. మెల్లగా" అన్నారు.

మా వాడు ఊపాడు.

చావు జరిగిన చోట సంతోషం అనకూడదేమో. నాకు మాత్రం ఏడుపుతో పాటు సంతోషం ఆగడం లేదు. ఏం మనిషండీ ఆయన! ఆయన పోయిన మరుసటి పొద్దున ఆయన పార్కు టైముకు తెరుచుకుంది. తెరిచింది నా కొడుకు.

ఖాదర్ సాబ్, వాడికి రెండో చెంప గీసి, ఇద్దరం మిమ్మల్ని సాగనంపడానికి వస్తున్నాం.

మీరు పడుకునే చోట చెట్టు నీడ ఉండాలి. అల్లా మిమ్మల్ని చల్లగా, నెమ్మదిగా నిద్రపుచ్చాలి.