హంసల అంచులో అమ్మ లెక్క

హిందూపురం డిగ్రీ కాలేజీలో నేను చరిత్ర చెబుతాను. పుస్తకంలో ప్రాచీన బ్రిటన్లకు దక్కింది రెండు పేజీలు. నేను వాటిని రెండు వారాలు లాగుతాను. పిల్లలు విసుక్కుంటారని తెలుసు, అయినా మానను. బ్రిటన్లంటే మనల్ని ఏలిన ఇంగ్లీషువాళ్ళు కాదనీ, ఆ ఇంగ్లీషువాళ్ళ పూర్వీకులు సముద్రం దాటి వచ్చి పడమటి కొండల్లోకి నెట్టేసినవాళ్ళనీ చెప్పడం మొదలుపెడితే నాకు ఒళ్ళు తెలియదు. వచ్చినవాళ్ళు వీళ్ళకు పెట్టిన పేరుకు అర్థం పరాయివాళ్ళని. సొంత నేల మీద పరాయివాళ్ళు! ఆ మాట దగ్గర ప్రతి ఏడూ నా గొంతు పెరుగుతుంది. వాళ్ళ కొండ కోటల గురించి మాత్రం పెద్దగా వివరించనక్కర్లేదు. క్లాసులో సగం మంది కొండ మీద కోట ఉన్న పెనుకొండలో రైలెక్కి వస్తారు.

నేను ధర్మవరంలో ఎక్కుతాను. మా ఇల్లు అక్కడే. నాయన పట్టుచీరలు నేస్తాడు. అమ్మ పోయి మూడేళ్ళయింది.

పోయిన ఏడాది డ్రూయిడ్ల పాఠం చెబుతున్నాను. వాళ్ళు బ్రిటన్ల పూజారులు. తీర్పులు చెప్పేదీ, చదువు నేర్పేదీ వాళ్ళే. ఆ చదువు కావాలంటే ఇరవై ఏళ్ళు కూర్చుని అంతా నోటికి నేర్చుకోవాలి. రాతలో పెట్టకూడదు. పెడితే జ్ఞాపకం మొద్దుబారుతుందని వాళ్ళ నమ్మకం. తరవాత రోమన్ సైన్యం వాళ్ళ దీవి మీద పడి దొరికినవాళ్ళని దొరికినట్టు నరికింది, చదువూ వాళ్ళతోనే పోయింది. "అంత తెలివైనవాళ్ళు ఒక్క ముక్క రాసి పెట్టుకోలేదు చూడండి" అని నవ్వాను. నేను ఏటా అక్కడ నవ్వుతాను.

పెనుకొండ నుంచి వచ్చే ఒకమ్మాయి లేచి నిలబడింది.

"సార్, వాళ్ళేమీ రాయకపోతే ఇదంతా మీకెట్ల తెలిసె?"

"రోమన్లు రాశారమ్మా."

"సంపినోళ్ళేనా సార్?"

"వాళ్ళే."

"అట్లయితే వాళ్ళకి అర్థమైనంతే గదా సార్ రాసిండేది?"

మంచి ప్రశ్న అని చెప్పి కూర్చోబెట్టాను. జవాబు తెలియనప్పుడు మంచి ప్రశ్న అనడం మా వృత్తిలో అందరికీ అలవాటే.

సాయంత్రం రైల్లో ఆ ప్రశ్న వదల్లేదు. పెనుకొండ కొండ కిటికీలోంచి వెనక్కి పోతుంటే నాయన గుర్తొచ్చాడు. మా ఇంట్లోనూ రాయకూడని చదువు ఒకటుంది. హంసల అంచు. అది మా ఇంటి అంచు, ఊళ్ళో ఇంకెవరూ నేసేవాళ్ళు కాదు. ఇప్పుడంటే మగ్గం మీద జాకార్డు పెట్టె ఉంది, చిల్లులు కొట్టిన అట్టలే ఏ పోగు లేపాలో చూసుకుంటాయి. నా చిన్నప్పుడు ఆ పని మనిషి చెయ్యాలి. నాయన మగ్గం గుంతలో కూర్చుని, అడ్డపోగు మోసే నాడె విసిరేవాడు. అమ్మ పక్కన కూర్చుని అంచు పోగులు లేపేది. ఇద్దరి నోళ్ళలో ఒక పాట లాంటిది నడుస్తూ ఉండేది. పక్క గదిలో చదువుకునే నాకు అది చెవిలో జోరీగ. తలుపు వేసుకునేవాణ్ణి.

అట్టలు వచ్చాక హంసల అంచు ఆగిపోయింది. దానికి అట్టలు కొట్టించాలంటే ఏ వరసలో ఏ పోగులు లేపాలో లెక్క చెప్పాలి. నాయన చెప్పడు. ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను నోటుబుక్కు పట్టుకుని అడిగితే, "రాసుకుంటే వచ్చేదా ఇది? ఈడ కూసో, చేత్తో నేర్చుకో" అన్నాడు. నాకు కోపం వచ్చింది. లెక్చరర్ని, గుంతలో కూర్చోవాలా?

ఆ రాత్రి భోంచేస్తూ మళ్ళీ అడిగాను. ఈసారి నాయన కసరలేదు.

"నా కండ్లు మూసేలోగా ఆ అంచు ఇంకొక్కసారి చూడల్లని ఉండాది నాకూ. రేపు ఆదివారమే గదా. అట్టలు కొట్టేవోనికి చెప్దాం పా."

మర్నాడు పొద్దున నాయన స్నానం చేసి, మగ్గానికి దండం పెట్టి గుంతలో దిగాడు. నేను ఫోన్ రికార్డింగు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. లోపల గర్వం కూడా ఉంది, అబద్ధమెందుకు. బ్రిటన్లకు లేని, రాసిపెట్టే కొడుకు నాయనకున్నాడనుకున్నాను.

"ముక్కు" అన్నాడు నాయన. ఆగాడు. "మెడ" అన్నాడు. ఆగాడు. "రెక్క... తోక... నీళ్ళు."

"లెక్క చెప్పు నాయనా."

"లెక్క నాది కాదబ్బా. ఈడ కూసుంటే నోటికొస్తాదేమో అనుకుంటి. నేను పిలుస్తాంటి, మీయమ్మ లెక్క చెప్తాండె, పోగులు లేపుతాండె. నాదంతా పిలుపే."

"ఇన్నేండ్లు పక్కనే విన్నావు కదా?"

"విన్యా. నా కండ్లు నాడె మీద ఉండె. ఆయమ్మ తప్పు చెప్పేది కాదు, ఇంగ నేనెందుకు ఎత్తి పెట్టుకోవల్ల?"

లెక్క ఆడవాళ్ళదట. అవ్వ అమ్మకు నేర్పింది. అమ్మ నా భార్యకు నేర్పాలి. అప్పుడు గుర్తొచ్చింది. నా పెళ్ళయిన కొత్తలో అమ్మ నన్నడిగింది, "కోడల్ని నా పక్కన నాలుగు దినాలు కూసోమను నాయనా" అని. నా భార్య అప్పుడు బీఈడీ చదువుతోంది, మగ్గం ఊసు వద్దన్నాను. ఎందుకడుగుతున్నావని అడగలేదు. అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కోపం వస్తే అరిచే మనిషి, ఆ ఒక్క విషయంలో ఊరుకుంది.

"పాత చీర ఏదన్నా ఉంటే చూసి లెక్క పట్టొచ్చు కదా?" అన్నాను.

నాయన నా మొహం వంక చూసి తల దించుకున్నాడు. నాకు అర్థమైంది. అమ్మినవి ఎవరింట్లో ఉన్నాయో ఎవరికి తెలుసు? ఇంట్లో మిగిలింది ఒక్కటే, నాయన అమ్మ కోసం నేసిన చీర. అమ్మ పోయిన రోజు, ఆమెకిష్టమైనది కట్టి పంపుదామని, బీరువా తీసి ఆ చీర ఇచ్చింది నేనే. బ్రిటన్ల సమాధుల్లో బట్ట చివికిపోయి, దాన్ని గుచ్చిన పిన్నులే దొరుకుతాయని ఏటా బోర్డు మీద రాసేవాణ్ణి కూడా నేనే.

ఆ గదిలో కూర్చుని ఏడ్చాను. నాయన ఏడవలేదు. "పోనీలేబ్బా" అని గుంతలోంచి పైకి రావడానికి నా చెయ్యి అడిగాడు.

ఈ ఏడాది కూడా డ్రూయిడ్ల పాఠం చెప్పాను. నవ్వే చోట నవ్వలేదు. పిల్లలకు తేడా తెలియదు. హంసల అంచు గురించి ఇప్పుడు లోకంలో ఉన్న రాత ఇదొక్కటే. రాసినవాడు తలుపు వేసుకుని చదువుకున్నవాడు.

రికార్డింగు ఫోన్‌లో ఉంది. రైల్లో అప్పుడప్పుడు వింటాను. ముక్కు అంటాడు నాయన, మౌనం. మెడ అంటాడు, మౌనం. మొదట్లో అవన్నీ ఒకేలా అనిపించాయి. ఎన్నోసారో వింటుంటే తెలిసింది, రెక్క దగ్గర ఎక్కువసేపు ఆగుతాడు, తోక దగ్గర తక్కువ. అమ్మ చెప్పడానికి ఎక్కడ ఎంతసేపు పట్టేదో, అక్కడ అంతసేపు ఆగాడు.