పెరటి అల్లుడు

నా భార్య పుట్టిన ఊరు అడవి లోపల ఉంది. మా కోరుట్ల నుంచి పోతే రుద్రంగి దాటాక తారురోడ్డు వదిలి గుట్టల మధ్య బండిబాట పట్టాలి. కొద్ది ఇండ్ల ఊరు. అందరూ తాళ్లు, అంటే తాటిచెట్లు, గీసి కల్లు తీసేవాళ్లే. అడవిశాఖ వాళ్లు హద్దురాళ్లు పాతేనాటికే ఆ ఊరు ఉంది. రాళ్లు చుట్టూ పాతుకుంటూ పోయారు, ఊరు లోపల మిగిలింది. మీ ఊరు ఎంత పాతదని అడిగితే వాళ్లు సంవత్సరాలు చెప్పరు. వాగు ఒడ్డున ఉన్న తాళ్ల వరుస చూపిస్తారు.

దాని పేరు అల్లుళ్ల వరుస. పెండ్లినాడు పిల్లవాడు తన సొంతూరి తాటి టెంక ఒకటి తెచ్చి అక్కడ పాతాలి. పాతాకే పుస్తె. "మా బిడ్డను కొంచవోతున్నవ్, మాకేమన్న పెట్టి పోవా?" అంటారు. చెట్టు గీతకు వచ్చేసరికి అల్లుడి తల నెరుస్తుంది. అయినా అది అతని చెట్టే. అతను వచ్చిననాడు మొదటి లొట్టి కల్లు అతనికే. వేములవాడ అల్లుని తాడు, మెట్‌పల్లి అల్లుని తాడు అని చెట్లను పిలుస్తారు. కొందరు అల్లుళ్లు పోయి చాలా కాలమైంది. వాళ్ల చెట్లు ఇంకా కల్లు పారుతున్నాయి.

నక్సలైటు అన్నలూ పోలీసులూ ఆ గుట్టల్లో ఒకరి వెనక ఒకరు తిరిగే రోజుల్లో మా పెండ్లి జరిగింది. బాట మొదట్లో పోలీసు క్యాంపు ఉండేది. పొద్దూకితే బాట బంద్. టిఫిన్ డబ్బాల్లో బాంబులు దొరుకుతున్నాయని పేపర్లో వచ్చేది. ఇదంతా మాకు తెలుసు. తెలిసి కూడా మా పెదబాపు టెంకను పసుపుగుడ్డలో మూటగట్టి, దారంతో గట్టిగా చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించి జీపెక్కాడు. శుభకార్యం వస్తువు మీద దుమ్ము పడొద్దని ఆయన ఉద్దేశం.

క్యాంపు దగ్గర జీపు ఆపారు. ఒక పడుచు కానిస్టేబుల్ కన్ను డబ్బా మీద పడింది.

"గిండ్ల ఏమున్నది?"

"టెంక సార్," అన్నాడు పెదబాపు.

"ఏం టెంక?"

"తాటి టెంక. పెండ్లికి."

"పెండ్లికి టెంకనా? తమాషా జేస్తున్నవా?"

పెదబాపు మూత తీయబోయాడు. "ముట్టకు!" అని కానిస్టేబుల్ వెనక్కి దూకాడు. మమ్మల్ని దూరంగా చింతచెట్టు కింద కూర్చోబెట్టారు. డబ్బాను పొడవాటి కర్రకు తగిలించి మోసుకుపోయి నీళ్ల తొట్టిలో ముంచారు.

"సార్, నీళ్లల్ల పెడితె మొలుస్తది," అన్నాడు పెదబాపు.

"ముసలోడా, నోర్మూయ్."

వాళ్ల ఆఫీసరు సిరిసిల్ల పోయాడట. ఆయన వచ్చేదాకా డబ్బాను కదిలించొద్దన్నారు. వయసు మళ్లిన ఇంకో కానిస్టేబుల్ నా బాసింగం చూసి జాలిపడ్డాడు. "మీరు పోండ్రి, లగ్గం జేసుకోండ్రి. అది ఈడనే ఉంటది." అట్లా మనుషులను వదిలి టెంకను పట్టుకున్నారు.

పందిరి కింద ఈ సంగతి చెప్పగానే అందరూ నవ్వారు, మా మామ తప్ప. "టెంక లేంది పుస్తె ఎట్ల కట్టిస్త?" అన్నాడు. కోరుట్ల పోయి ఇంకోటి తెద్దామంటే తిరిగి వచ్చేసరికి బాట బంద్ అవుతుంది, ముహూర్తం దాటుతుంది. తాళ్ల ఊళ్లో టెంకలకు కరువా, ఇక్కడిదే ఒకటి పాతితే పోదా అని మావాళ్లలో ఎవరో అన్నారు.

"మా ఊరి టెంక పెడితె ఇల్లరికం అయితది. మీకు ఇష్టమేనా?" అన్నాడు మామ.

పెదబాపు మండిపడ్డాడు. "మావోడు ఇల్లరికం వచ్చుడేంది? మా ఇంట్ల తిండికి లేదా?"

"లేదని నేనన్ననా? టెంక తెమ్మన్న."

"తెచ్చినం! నీళ్లల్ల నానవెట్టిండ్రు!"

"నాకేం ఎరుక? టెంకను బాంబు లెక్క కట్టుకొచ్చింది మీరు."

పెదబాపు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నడువుండ్రి, పోదం." మా జీపు డ్రైవరు నిజంగానే ఇంజను స్టార్ట్ చేశాడు. నేను పీట పక్కన నిలబడి ఉన్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమెను అంతకు ముందు ఒక్కసారే చూశాను. అయినా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

అప్పుడు లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. "బాపూ, పెరట్ల చూడుండ్రి."

"ఏమున్నదే పెరట్ల?"

"గీళ్లు నన్ను చూడవచ్చిననాడు తాటిపండ్లు తెచ్చిండ్రు గదా. ఆ టెంకలు మొలకొస్తె గేగులు తినొచ్చని పాతిన. అన్ని తవ్వుకొని తిన్నం. ఒకటి ఉంచిన."

అందరం పెరట్లోకి పోయాం. పొయ్యి బూడిద పోసే చోట, గోడ పక్కన, ఒక్క పచ్చటి ఆకు నిలబడి ఉంది. భాద్రపదంలో మేము తెచ్చిన పండు, అది వైశాఖం. కోరుట్ల టెంకే, అనుమానం లేదు. మామ వంగి ఆకును పట్టి చూశాడు.

"ఎందుకు ఉంచినవ్ బిడ్డ?"

"గా పెద్దమనిషిని చూస్తె టెంకను సక్కగ తెచ్చేటట్టు అనిపియ్యలేదు," అంది లోపలి నుంచే.

అందరికంటే గట్టిగా పెదబాపే నవ్వాడు. కండువా తీసి మళ్లీ పందిరి కింద పరుచుకున్నాడు.

మొలకను తీసి వరుసలో నాటుదామని ఒకరన్నారు. వేరు లోతుకు పోయింది, కదిపితే బతకదని మామ ఒప్పుకోలేదు. నాతో గుప్పెడు మట్టి వేయించి చెంబెడు నీళ్లు పోయించాడు. "అయింది, పా," అన్నాడు. పుస్తె కట్టాను.

ఆ రోజు నుంచి నేను పెరటి అల్లుణ్ణి. మిగతా అల్లుళ్లు కలిసినప్పుడల్లా, "మేం చెట్టు పెట్టి పిల్లను తెచ్చుకున్నం. నీకు పిల్లనే చెట్టు పెట్టింది," అనేవాళ్లు. ఆమె వినేది. కాదనేది కాదు.

మరునాడు తిరుగుదారిలో క్యాంపు వాళ్లు డబ్బా ఇచ్చేశారు. ఆమె మూత తీసి చూసి, "మా ఊళ్లె నీకు చెట్టయింది. గిది మీ ఇంట్ల నా పేరు మీద పెట్టు," అంది. కోరుట్లలో మా బావి పక్కన పాతాను. రెండు వానాకాలాలు చూశాం. మొలవలేదు. పెదబాపు పోలీసులను తిట్టాడు. ఎండిన టెంక తెచ్చినందుకు ఆమె పెదబాపును తిట్టింది.

క్యాంపు ఎత్తేసి చాలా ఏండ్లయింది. ఆ ఊళ్లో సగం ఇండ్లకు తాళాలు, వాటి పిల్లలు కోరుట్లలోనో దుబాయిలోనో ఉన్నారు. మిగిలినవాళ్లను బయటికి రమ్మని అడవిశాఖ అడుగుతూనే ఉంది. వాళ్లు వరుస చూపిస్తూనే ఉన్నారు. పెరట్లోది పెరిగి పండుతాడు, అంటే ఆడచెట్టు, అని తేలింది, ఏటా కాస్తుంది.

ఆమె నిరుడు పోయింది. జబ్బు సంగతి రాయను. ఆ తరవాత ఆ ఊరికి పోలేకపోయాను. ఆమె లేకుండా అక్కడ నేను ఏమవుతానో నాకు తెలియలేదు. అడుగుదామంటే మామ లేడు.

భాద్రపదంలో బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, నీ చెట్టు పండ్లు రాలుతున్నయి. వస్తవా, అడివిపందులకు ఇడిసిపెట్టాల్నా?"

పోయాను. పండ్లు కాల్చుకుని తిన్నాం. టెంకలు కడిగి సంచిలో వేసుకున్నాను.

క్యాంపు ఉన్న చోట ఇప్పుడు అడవిశాఖ గేటు ఉంది. అక్కడి కాపలా పిల్లవాడు సంచి తెరిచి చూశాడు. "ఏంది సార్ గివి?"

"తాటి టెంకలు. మా బావి పక్కన ఒకటి పెట్టాలె."

"ఏడికి పోయొస్తున్నరు?"

"అత్తగారింటికి," అన్నాను.

గేటు ఎత్తాడు.